తప్పిపోయిన గుర్రాలు

రెండు పాత పడవ మోటార్లు పక్కపక్కన ఉన్నాయనుకోండి. పడవ వెనక అడ్డచెక్కకు బిగించి, తాడు లాగి స్టార్ట్ చేసే అవుట్‌బోర్డ్ మోటార్లు. రెండూ అమెరికాలో జాన్సన్ పేరుతో 1974లో అమ్మకానికి వచ్చిన మోడళ్లే. ఒకదాని మూత మీద 9.9 అని ఉంది, రెండోదాని మీద 15 అని. అవి హార్స్‌పవర్ అంకెలు. మూతలు తీసి చూస్తే రెండింట్లోనూ రెండేసి సిలిండర్లు. సిలిండర్ బోరు 55.6 మిల్లీమీటర్లు, పిస్టన్ కిందికీ పైకీ నడిచే దూరం 44.7 మిల్లీమీటర్లు. రెండింటికీ అవే కొలతలు. లెక్క కడితే రెండూ 217 సీసీ. తూకం వేసినా ముల్లు దాదాపు ఒకే చోట ఆగుతుంది. మరి ఆ అయిదు గుర్రాల తేడా ఎక్కడ దాక్కుంది?

ప్రధానంగా కార్బరేటర్ గొంతులో. 9.9కు పెట్టిన కార్బరేటర్ గొంతు సన్నం, 15కు పెట్టింది వెడల్పు. అమెరికాలో చాలా సరస్సుల మీద 10 హార్స్‌పవర్ దాటిన మోటారుతో తిరగనివ్వరు. ఆ గీత దాటకుండా ఉండేందుకు పెద్ద మోటారు గొంతు కాస్త నొక్కి చిన్న మోటారుగా అమ్మారన్నమాట. ఆ పాయింట్ తొమ్మిదిని రాసింది ఇంజనీరు కన్నా ఎక్కువగా చట్టమే. ఈ ఉపాయం ఒక్క కంపెనీది కాదు. టొహాత్సు అమ్మే నాలుగు స్ట్రోకుల చిన్న మోటార్లలో 4, 5, 6 హార్స్‌పవర్ మోడళ్లు మూడూ 123 సీసీవే.

అందుకే పాత చిన్న మోటారుకు బలం పెంచాలనుకునే ప్రతివాడూ మొదట అడిగేది ఒకటే: "కార్బరేటర్ మారిస్తే సరిపోతుందా?" ఈ జాన్సన్ విషయంలో చాలావరకు సరిపోతుంది. కానీ దాని వెనకే ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. నలభై యాభై ఏళ్లు తిరిగిన మోటారులో మూత మీద రాసిన 9.9 గుర్రాలైనా ఇప్పుడున్నాయా? కొత్తగా వచ్చే అయిదింటితో పడవ ఎంత ముందుకు పోతుంది? మొదటిదానికి ఇంజన్ జవాబు చెప్పాలి, రెండోదానికి నీళ్లు చెప్పాలి.

సెకనుకు నలభై ఊపిర్లు

ఇంజన్ పెట్రోలు తాగుతుందంటాం గానీ, దాని అసలు ఆకలి గాలి మీద. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 15 కిలోల గాలి కావాలి. అంటే చిన్న వంటగది నిండా ఉండేంత. పెట్రోలు ద్రవం, ఇంకో నాలుగు చుక్కలు ఎక్కువ పోయడం ఏమంత కష్టం కాదు. ఆ చుక్కలకు తోడుగా గదుల కొద్దీ గాలిని అరచేతి వెడల్పు కూడా లేని గొంతులోంచి లోపలికి లాగడమే కష్టం.

మన మోటారు నిమిషానికి 5,500 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఇది రెండు స్ట్రోకుల ఇంజన్ కనుక ప్రతి చుట్టుకూ సిలిండర్లు ఒకసారి నిండాలి. చుట్టుకు 217 సీసీ, సెకనుకు 92 చుట్లు. గుణిస్తే సెకనుకు 20 లీటర్లు. నింపాదిగా కూర్చున్న మనిషి ఒక్కసారి పీల్చేది అర లీటరు. అంటే ఒళ్లో పెట్టుకోగలిగినంత చిన్న ఈ ఇంజన్ సెకనులో నలభై మంది ఊపిరి పీల్చాలి. నిజానికి అంత నిండుగా ఏ ఇంజనూ పీల్చలేదు. ఆ లోటు ఎంత తగ్గిస్తే అంత బలం.

గాలి వెళ్లే దారి చూడండి. పిస్టన్ పైకి లేచినప్పుడు దాని కింద, క్రాంకు తిరిగే గదిలో ఖాళీ ఏర్పడుతుంది. కార్బరేటర్ నుంచి గాలీ పెట్రోలూ కలిసి ఆ గదిలోకి వస్తాయి. తలుపులుగా పలచటి రేకులుంటాయి. వాటిని రీడ్ వాల్వులంటారు. హార్మోనియంలో మోగే రీడులకు దగ్గరి చుట్టాలు. లోపలికి గాలి వస్తే వంగి దారిస్తాయి, వెనక్కి పోబోతే మూసుకుంటాయి. పైన మంట అంటుకుని పిస్టన్ కిందికి దిగేటప్పుడు కింది గదిలోని మిశ్రమం నొక్కుకుంటుంది. దిగుతూ దిగుతూ పిస్టన్ ముందు పొగ పోయే కిటికీ తెరుస్తుంది, వెంటనే కొత్త మిశ్రమం వచ్చే కిటికీ తెరుస్తుంది. కొత్తది పాతదాన్ని గెంటుతుంది. ఆ తోపులాటలో కొత్త మిశ్రమంలో కొంత, ఒక్కోసారి పావు వంతు దాకా, కాలకుండానే పొగతో పాటు బయటికి పోతుంది. పాత టూ స్ట్రోక్ మోటారు వెళ్లిన చోట నీటి మీద రంగురంగుల నూనె తెట్టు కనిపించేది అందుకే.

హార్స్‌పవర్ రెండు అంకెల లబ్ధం: తిప్పే బలం, తిరిగే వేగం. తిరగలి తిప్పేటప్పుడు చెయ్యి ఎంత గట్టిగా తోస్తోందన్నది మొదటిది, నిమిషానికి ఎన్ని చుట్లన్నది రెండోది. సన్నగొంతు మోటారు తక్కువ వేగంలో బాగానే పీలుస్తుంది; చుట్లు పెరిగేకొద్దీ దానికి ఎగశ్వాస వస్తుంది. వెడల్పు గొంతు మోటారు అదే పిస్టన్లతో ఇంకా పై చుట్లలో కూడా నిండుగా పీలుస్తుంది. తోపు కొంత పెరిగి, చుట్లు కొంత పెరిగి, రెండూ కలిసి 9.9ని 15 చేస్తాయి.

ఆర్‌ఎక్స్ 100 అడిగే ప్రశ్న

యమహా ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్లకు ఇక్కడ ఓ అనుమానం రావాలి. 1985 నుంచి 1996 దాకా మన రోడ్ల మీదికి వచ్చిన ఆ బండి కూడా టూ స్ట్రోకే. 98 సీసీకి 11 హార్స్‌పవర్ ఇచ్చింది. దానికి రెట్టింపుకు మించిన పరిమాణం ఉన్న పడవ మోటారు 9.9తో, మహా అయితే 15తో సరిపెట్టుకోవడమేమిటి?

సగం జవాబు సైలెన్సర్లో ఉంది. పొగ కిటికీ తెరుచుకున్నప్పుడల్లా గొట్టంలోకి ఒక పీడన తరంగం దూసుకుపోతుంది. గొట్టం వెడల్పయిన చోట ఆ తరంగం వెనక్కి పీల్చే తరంగంగా తిరిగొచ్చి సిలిండర్ని ఊడ్చేస్తుంది. గొట్టం మళ్లీ సన్నబడే చోట నెట్టే తరంగంగా తిరిగొచ్చి, బయటికి జారిపోతున్న కొత్త మిశ్రమాన్ని లోపలికి తోస్తుంది. గొట్టం పొడవూ ఆకారమూ సరిగ్గా కుదిరితే కదిలే భాగం ఒక్కటీ లేకుండానే ఇంజనుకు ఇంకో పంపు దొరికినట్టే. దీన్ని శాస్త్రంగా మలిచింది తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. 1961 నాటికి ఆయన 125 సీసీ రేసు బండి 25 హార్స్‌పవర్ ఇచ్చింది. ఆ ఏడాదే ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం విడిచి పారిపోయి, ఆ విద్యను సుజుకీకి చేరవేశాడు. 1962లో సుజుకీ బండి మీద 50 సీసీ ప్రపంచ టైటిల్ కూడా గెలిచాడు.

ఈ విద్య పడవ మోటారుకు పూర్తిగా అబ్బదు. తరంగం సరైన క్షణానికి తిరిగి రావడమన్నది కొన్ని చుట్ల మధ్యే కుదురుతుంది. ఆ పరిధి దాటితే లాభం పోయి నష్టం మొదలవుతుంది. మోటార్‌సైకిలుకు నాలుగు గేర్లున్నాయి, ఇంజన్‌ని ఆ పరిధిలోనే ఉంచొచ్చు. చిన్న పడవ మోటారుకు ముందుకు ఒక్కటే గేరు. పైగా దాని పొగ గొట్టం, ప్రొపెల్లర్‌ని మోసే నిలువు కాలు లోపలి నుంచి నీళ్లలోకి దిగుతుంది. ఉబ్బెత్తు సైలెన్సర్ పెట్టే చోటే లేదు.

మిగతా సగం జవాబు నీళ్లలో ఉంది. బండి ఎత్తెక్కుతుంది, దిగుతుంది, సిగ్నల్ దగ్గర ఆగుతుంది. పూర్తి బలం వాడేది రోజు మొత్తం మీద కొన్ని నిమిషాలు. నీటి మీద దిగుడుండదు. పడవకు ఎప్పుడూ ఎత్తే. వేగం పెంచే పిడి పూర్తిగా తిప్పి ఒడ్డు నుంచి బయల్దేరితే గంట సేపు అదే భారం. ఆర్‌ఎక్స్ 100 ఇంజన్‌ని గంటల తరబడి అలా పిండితే ఏమవుతుందో మెకానిక్కుని అడగండి. పడవ మోటారు చేసినవాళ్లు గుర్రాల లెక్క తగ్గించుకుని ఆయుష్షు కొనుక్కున్నారు. బలం పెంచడమంటే ఆ బేరాన్ని తిరగరాయడమే.

ఎక్కడెక్కడ తప్పిపోతాయి

ఇక మొదటి ప్రశ్న. మూత మీది 9.9 మోటారు కొత్తగా ఉన్నప్పటి మాట. అదీ కొంత దొడ్డ చేత్తో రాసిందే. 1980ల మధ్య దాకా అమెరికన్ కంపెనీలు హార్స్‌పవర్‌ని క్రాంకు దగ్గర కొలిచేవి. గేర్లలో పోయేది పోగా ప్రొపెల్లర్ దగ్గర కొలవడం ఆ తర్వాతే మొదలైంది. దాని మీద వయసు. పాత మోటారులో గుర్రాలు ఒక్కసారిగా పారిపోవు, ఒక్కొక్కటే తప్పిపోతాయి.

మొదటి చోటు పిస్టన్ రింగులు. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో కంప్రెషన్ గేజి బిగించి, పిడి పూర్తిగా తిప్పిపెట్టి నాలుగైదుసార్లు తాడు లాగితే ముల్లు ఒక చోట నిలుస్తుంది. రెండు సిలిండర్ల అంకెలూ పది శాతం తేడాలోపు ఉంటే గండం లేదు. ఒకటి బాగా పడిపోతే, మన మెకానిక్కులన్నట్టు, ఇంజన్ బోరుకొచ్చింది. అయితే ప్రతిసారీ బోరు కొట్టించక్కర్లేదు. పెట్రోల్లో కలిపే ఆయిల్ ఏళ్ల తరబడి మాడి, మసిగా గడ్డకట్టి, రింగుల్ని గాడిలోనే అతికించేస్తుంది. కార్బన్ కరిగించే ద్రవం పోసి ఒక రాత్రి నాననిస్తే అంకె పెరిగిన సందర్భాలు బోలెడు. అదే మసి పొగ కిటికీల్ని కూడా సన్నం చేస్తుంది. గొంతు ఎంత వెడల్పు చేసినా ముక్కు మూసుకుపోతే ఏం లాభం?

రెండోది రీడ్ రేకులు, క్రాంకు సీళ్లు. టూ స్ట్రోక్ ఇంజనుకు కింది గదే పంపు. రేకు అంచు చిట్లినా, సీలు ఎండి పగిలినా పంపుకు చిల్లు పడ్డట్టే. సీలు లోంచి దొంగగాలి వస్తే ఇంకో ప్రమాదం: మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. ఈ ఇంజనుకు ఆయిల్ అందేది కూడా ఆ పెట్రోలుతోనే. వేడి పెరుగుతుంది, నూనె తగ్గుతుంది, పిస్టన్ పట్టేస్తుంది.

మూడోది చూడ్డానికి మహా చిన్నది. ఇంజన్ ఆపి, పిడిని చివరిదాకా తిప్పి, కార్బరేటర్ గొంతులోకి టార్చి వేయండి. లోపల గుండ్రటి పలక ఒకటుంటుంది. పూర్తిగా తెరుచుకుంటే దాని అంచు మాత్రమే, ఒక గీతలా కనబడాలి. కోడిగుడ్డు ఆకారం కనబడితే అంత మేర గాలి అడ్డుకుంటున్నట్టు. పిడికీ పలకకీ మధ్య తీగలూ మీటలూ అరిగి సాగడం వల్ల అది 20 డిగ్రీలు తక్కువగా తెరుచుకుందనుకోండి. రేఖాగణితం ప్రకారం గొంతులో మూడో వంతు ఆ పలకే కప్పేస్తుంది. అదే మీటల వరస చాలా మోటార్లలో స్పార్క్ పడే క్షణాన్ని కూడా ముందుకు జరుపుతుంది. అంటే గాలీ తక్కువే, నిప్పూ ఆలస్యమే. ఇలాంటి మోటారుకు పెద్ద కార్బరేటర్ తగిలించి "ఏం తేడా రాలేదే" అనుకోవడం, ముడిపడిన గొట్టానికి పెద్ద ట్యాంకు కట్టడమే. తీగ సరిచేయడానికి ఒక స్క్రూడ్రైవరూ పావుగంటా చాలు.

నాలుగోది వాతావరణం, పెట్రోలు. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 25 డిగ్రీల దగ్గర కొలిచిన బలం 40 డిగ్రీల ఎండలో దాదాపు అయిదు శాతం తగ్గుతుంది. కోస్తా ఉక్కపోతలో నీటి ఆవిరి కూడా గాలిలో నాలుగు శాతం దాకా చోటు ఆక్రమించి ఆక్సిజన్‌ని పక్కకు నెడుతుంది. ఇప్పుడు మన బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. కాలడానికి గాలీ తక్కువే కావాలి. యాభై ఏళ్ల కిందట అచ్చ పెట్రోలుకని రంధ్రాలు చేసిన కార్బరేటర్లో ఇది పోస్తే మిశ్రమం పలచనవుతుంది. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఎక్కువయితే నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతుంది. పాత రబ్బరు పైపుల్నీ మెత్తబరుస్తుంది. ఇలాంటి మోటారు బలహీనపడితే ముందు చూడాల్సింది పెట్రోలు పైపునీ, కార్బరేటర్లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం జెట్టునీ.

నీళ్లు ఒప్పుకోవాలి

తప్పిపోయినవి దొరికాయి, కార్బరేటరూ మారింది, 9.9 పదిహేనైంది అనుకుందాం. బలం ఒకటిన్నర రెట్లు. వేగం?

ప్రొపెల్లర్ తీసుకునే బలం సుమారుగా వేగపు ఘనంతో పెరుగుతుంది. రెట్టింపు వేగానికి ఎనిమిది రెట్ల బలం. తిప్పి చెబితే, ఒకటిన్నర రెట్ల బలానికి వేగం పెరిగేది 14 శాతం. గంటకు 8 కిలోమీటర్లు పోయే పడవ 9 దాటుతుంది, అంతే.

బరువైన పడవకు ఆ 14 శాతం కూడా దక్కకపోవచ్చు. నీటిని తోసుకుంటూ పోయే పడవ ముందొక అల లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. ఒక వేగం దగ్గర అల పొడవూ పడవ పొడవూ సమానమవుతాయి. అప్పుడు ముక్కు ఒక అల శిఖరం మీద, తోక దాని వెనక శిఖరం దగ్గర ఉంటాయి. ఇంకాస్త వేగం పెంచితే తోక పల్లంలోకి జారి, పడవ తాను లేపిన అలనే తాను ఎక్కాల్సి వస్తుంది. ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ 1860ల్లో నమూనా పడవలు లాగి, 1872లో టార్కీ పట్టణంలో దానికోసమే పొడవాటి నీటి తొట్టి కట్టించి తేల్చిన లెక్కల సారం ఇదే. నీటిని తాకే పొడవు 16 అడుగులైతే ఆ గోడ గంటకు దాదాపు 10 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. దాని మీదికి తోలిన గుర్రాలు వేగం పెంచవు, అల ఎత్తు పెంచుతాయి.

ఈ లెక్కకు ఒక మినహాయింపుంది. తేలికపాటి, అడుగు చదునుగా ఉన్న పడవ తగినంత తోపు దొరికితే ఆ అల ఎక్కేసి, నీటిని చీల్చడం మాని నీటి మీద జారడం మొదలెడుతుంది. ఇద్దరు మనుషులున్న అలాంటి పడవని 9.9 అల అంచు దాకా తెచ్చి వదిలేస్తే, 15 దాన్ని దాటిస్తుంది. అక్కడ అయిదు గుర్రాలు ఒక కిలోమీటరు పెంచడంతో ఆగవు, వేగాన్ని రెట్టింపు చేసేస్తాయి. "కార్బరేటర్ మార్చాక పడవ ఎగిరింది" అనేవాడూ, "డబ్బు దండగ" అనేవాడూ ఇద్దరూ నిజమే చెబుతుంటారు. వాళ్ల పడవలు వేరు.

ఇంజనుకూ నీటికీ మధ్యవర్తి ప్రొపెల్లర్. దాన్ని మర మేకులా ఊహించుకోండి. తొమ్మిది అంగుళాల పిచ్ అంటే, చెక్కలో దిగినట్టు జారకుండా దిగితే ఒక్క చుట్టుకు తొమ్మిది అంగుళాలు ముందుకు పోతుంది. గేర్లలో తగ్గగా నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే లెక్క ప్రకారం గంటకు 34 కిలోమీటర్లు. వలా చేపలూ నిండిన పడవ పదికి మించి పోలేనప్పుడు ఆ ప్రొపెల్లర్ సైకిలుకు తప్పుడు గేరు లాంటిది. ఎత్తు మీద పెద్ద గేరులో తొక్కినట్టు ఇంజన్ మూలుగుతుంది. 5,300 చుట్ల దగ్గర 9.9 ఇవ్వాల్సిన మోటారు 3,800 దగ్గరే ఆగిపోయిందనుకోండి. తిప్పే బలం అంతే ఉన్నా లబ్ధం ఏడుకు పడిపోతుంది. పిచ్ తక్కువున్న ప్రొపెల్లర్ వేస్తే ఇంజన్ తన చుట్లు తాను అందుకుంటుంది. ఇంజన్ విప్పకుండా, ఒక పిన్నూ ఒక నట్టూ తీసినంత పనితో మూడు గుర్రాలు తిరిగొస్తాయి. మరీ తగ్గించకూడదు, భారం లేక చుట్లు హద్దు దాటితే ఇంజనుకే చేటు.

తల గీయడం

ఇంకా కావాలనేవాళ్లు సిలిండర్ హెడ్ గీయించి కంప్రెషన్ పెంచుతారు. కంప్రెషన్ నిష్పత్తి 6 నుంచి 7కు పెంచితే సిద్ధాంతం ప్రకారం దక్కేది అయిదారు శాతం. నిజంలో ఇంకా తక్కువ. దానికి చెల్లించే ధర నాకింగ్: మంట వరసగా పాకకుండా, చివర మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలడం. పడవ మోటారు శబ్దంలో ఆ టకటక మనకు వినపడదు. ప్లగ్ తీస్తే పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు మెరిసే చుక్కలు కనబడతాయి. అవి పిస్టన్ నెత్తి నుంచి లేచొచ్చిన అల్యూమినియం రేణువులు. కేరళ తీరంలో కిరోసిన్‌తో నడిచే మోటార్లను చూస్తే దీనికి ఎదురు పాఠం దొరుకుతుంది. కిరోసిన్ తేలిగ్గా నాక్ అవుతుంది కనుక వాటికి కావాలనే కంప్రెషన్ తగ్గించి, కొంత బలం వదులుకుంటారు.

కార్బరేటర్ మార్పిడిలోనూ ఒక షరతుంది. జాన్సన్ 9.9కి 15 కార్బరేటర్ నప్పింది, లోపలి పిస్టన్లూ గేర్లూ 15 కోసమే చేసినవి కనుక. అలా కవలగా పుట్టని మోటారుకు గొంతు పెంచితే ముందు అరిగేది గేర్లే. వెనక అడ్డచెక్క కూడా ఎంత మోటారుకని కట్టారో అంతే మోస్తుంది.

అందుకే వరస ముఖ్యం. మొదట తప్పిపోయినవాటిని వెతకాలి, తర్వాత ప్రొపెల్లర్ సరిచూడాలి, కొత్త గుర్రాల బేరం ఆఖర్న. ఎక్కడున్నామో తెలుసుకోవడానికి ఒక చవక పరీక్ష చాలు. ప్లగ్ తీగకు చుట్టుకునే చిన్న టాకోమీటర్ ఒకటి తెచ్చుకోండి. రోజూ ఎక్కించే బరువే ఎక్కించి, పిడి పూర్తిగా తిప్పి, నీటి మీద రెండు నిమిషాలు నిలకడగా పోనిచ్చి అంకె చూడండి. కంపెనీ చెప్పిన చుట్లకు అది అయిదొందలు తక్కువగా ఉంటే, పెద్ద కార్బరేటర్ కొనే రోజు ఇంకా రాలేదు.